అప్పయ్యకు తొడిగిన కోటు

బందరు పట్టణంలో కోటు లేకుండా చనిపోవడం నిషేధం. దీనిపై ప్రభుత్వం ఇంకా ఉత్తర్వులు ఇవ్వలేదు గానీ, రెండువేల నాలుగు నాటికి ఊళ్ళోని డిజిటల్ స్టూడియోలన్నీ ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నాయి. బతికినన్నాళ్ళూ ఎవరేం కట్టుకున్నారన్నది వారి సొంత వ్యవహారం. (బతికున్నవారి జోలికి స్టూడియోలు రావు, పెళ్ళిచూపుల ఫోటోలైతే తప్ప.)

గిలకలదిండి రేవు నుంచి చేపల వేటకెళ్ళే అప్పయ్య కామెర్లతో పోయాడు. ఆ వంశంలో డిగ్రీ గట్టెక్కిన మొదటివాడు కొడుకు అంజి. కనుక పెద్దకర్మకు ఫోటో చేయించే బాధ్యత అతని మీదే పడింది. మత్స్యకారుల సొసైటీ కార్డు మీదున్న గోరంత ఫోటో పట్టుకుని డిజిటల్ స్టూడియోకి వెళ్ళి, టోకెను తీసుకుని కూర్చున్నాడు.

ఆపరేటరు ధీరజ్ అప్పయ్యను తెర మీద పరీక్షించి లోపాలు గుర్తించాడు. ఎండకు చికిలించిన ఎడమ కన్ను, పైపెదవి మీద గాలం గీరిన మచ్చ, ఒంటి రంగు. టీ చల్లారేలోపు అన్నిటినీ సవరించి, తల కత్తిరించి నీలం కోటు మీద నిలబెట్టాడు. వెనకాల మంచుకొండలు వెలిశాయి.

"మా నాన్న జన్మలో కోటు వేసుకోలేదండీ."

"ఎవరూ వేసుకోరండీ. పోయాక మేమే వేస్తాం. మా దగ్గర మూడు బాడీలున్నాయి. కోటు, సఫారీ, శాలువా."

"పంచె, కండువా లేవా అండీ?"

"అది నాయకుల బాడీ అండీ. మామూలోళ్ళకి ఇవ్వం."

కంప్యూటరు తప్పు చేయదని రాసి పరీక్ష పాసైన అంజి డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు. అదే కోటు మనిషి సాయంత్రానికల్లా పెద్దకర్మ కార్డుల మీదికీ, ఫ్లెక్సీల మీదికీ ఎక్కేశాడు.

తల్లి మహాలక్ష్మమ్మ ఫ్రేము అందుకుని జాలిపడింది. "ఎవుర్రా ఈ బాబు? పాపం, ఎప్పుడు పోయాడు?"

"నాన్నేనే అమ్మా."

"మీ నాన్నని నాకే చూపిస్తన్నావా? ఈ పరాయి మగాడి ముందు కూకుని నేనేడవనురా. తీసెయ్."

సొసైటీ కార్డు ఫోటో తీసింది పాతకాలం స్టూడియో నడిపే భుజంగరావు. "ఇచట ముఖములు మార్చబడవు" అని బోర్డు పెట్టుకుని, తత్ఫలితంగా ఖాళీగా ఉంటున్నాడు. తల్లీకొడుకులు వెళ్ళేసరికి ఆ నెగిటివు పదిలంగానే ఉంది. డార్క్‌రూములోకి తనూ వస్తానని మహాలక్ష్మమ్మ పట్టుబట్టింది. ఎర్రబల్బు వెలుగులో భుజంగరావు కాగితాన్ని మందునీళ్ళ తొట్టిలో వేశాడు. ముందు జుట్టు తేలింది. తర్వాత చికిలించిన కన్ను, మచ్చ.

ఆమె తొట్టి మీదికి వంగింది. "ఇంకొంచెం నలుపుండేవోడు అన్నయ్యగారూ."

"నలుపు పెంచమన్నదానివి నువ్వొక్కదానివే తల్లీ," అంటూ ఆయన ఇంకో కాగితాన్ని కాసేపెక్కువ వెలుగులో ఉంచి తీశాడు. ఆమె దాన్ని చూసి, మొగుడు పోయాక మొదటిసారి ఏడ్చింది.

"ఆ కోటు పిల్లాడికి చెప్పవయ్యా," అన్నాడు భుజంగరావు అంజితో. "మచ్చ తీసెయ్యటానికి నిమిషం చాలుద్ది. అది రావటానికి మీ నాన్న సముద్రం మీదికెళ్ళాలి."

పెద్దకర్మ నాడు వీధి చివర టెంటులో ఈ కొత్త ఫ్రేము పెట్టగానే సంస్మరణ సభ అధ్యక్షులు రామబ్రహ్మంగారు అభ్యంతరం లేవనెత్తారు. ఫ్లెక్సీకీ ఫోటోకీ కన్ను తేడా, రంగు తేడా, పైగా ఈయనకి కోటు లేదు. వెంటనే ఏకరూపతా ఉపసంఘం ఏర్పడి, కాఫీలు తాగి, తీర్పునిచ్చింది. కార్డులన్నిటిలోనూ, ఫ్లెక్సీలన్నిటిలోనూ ఉన్నది కోటాయనే గనక, మెజారిటీ ప్రకారం మరణించినది ఆయనే.

"మరి ఈయనెవరండీ?" అన్నాడు అంజి.

"ఆధారాలుంటే అర్జీ పెట్టుకోవయ్యా, పరిశీలిద్దాం."

మహాలక్ష్మమ్మ లేచి ఫ్రేము చంకన పెట్టుకుంది. "ఆయనకి మీరు దండలేసుకోండి బాబూ. నా మొగుణ్ణి నేనింటికి తీసుకుపోతన్నా. అంజీ, వస్తన్నావా?"

అంజి సగం లేచాడు. సరిగ్గా అప్పుడే రామబ్రహ్మంగారు, దస్తూరీ బాగుంటుందని, మినిట్స్ పుస్తకం అతని చేతిలో పెట్టారు. పెద్దలు చెప్పిన పని. అంజి కూర్చుని, కొట్టివేతలు లేకుండా రాశాడు: "శ్రీ అప్పయ్యగారి సంస్మరణ సభ దిగ్విజయంగా జరిగినది. భార్య హాజరు కాలేదు. కారణం తెలియదు."