తలుపులో బంగారం

ఆ ఉదయం శ్రీహరి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కారు కిటికీ బాగు చేయించాలి, మధ్యాహ్నానికి కోడూరు చేరాలి, సాయంత్రానికి భార్య దుర్గతో బందరు తిరిగి రావాలి. మొదటి పని జరిగితే మిగతా రెండూ వాటంతటవే జరుగుతాయని అతని నమ్మకం.

దుర్గ పుట్టింటికి వెళ్ళి పంతొమ్మిది రోజులైంది. ఓ పెళ్ళికి బయల్దేరితే ఆమె వైపు అద్దం దిగి మళ్ళీ ఎక్కలేదు. దారిలో వాన పడి పట్టుచీర ముద్దయింది. "నాలుగు చినుకులకే ఇంత గోలా?" అన్నాడు శ్రీహరి. "ఆ అద్దం ఎక్కేదాకా మీ బండి ఎక్కను" అనేసి ఆమె మర్నాడే కోడూరు బస్సెక్కింది. శ్రీహరి ఎండుచేపల వ్యాపారి, మాటంటే మాటే అతనికి. అద్దం ఎక్కకుండా అత్తవారింటి గుమ్మం ఎక్కే ధైర్యం లేకపోయింది. ఒక్కడికని వండుకున్న కూర రోజూ ఇద్దరికి సరిపోయేది. ఆమె లేని ఇంట్లో అతనికి ఏమీ తోచేది కాదు, అన్నం సయించేది కాదు.

మెకానిక్ పోతురాజు తలుపు విప్పి జబ్బు కనిపెట్టాడు. "మోటారు బానే ఉంది బావా. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం అరిగిపోయింది." ఆ చక్రం విడిగా అమ్మరు గనక, విజయవాడ నుంచి మోటారు మొత్తం కొత్తది రావడానికి పది రోజులు పట్టింది. తీరా వచ్చింది కుడి తలుపుది. చివరికి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే గోవర్ధనరావు అదే కొలతకి ఇత్తడి చక్రం చేసిస్తానన్నాడు.

చేశాడు. చేసి, అలవాటు కొద్దీ దానికి బంగారు పూత కూడా వేసేశాడు.

"తలుపు లోపల ఉండేదానికి ఎందుకండీ ఇది?" అన్నాడు శ్రీహరి.

"పూత లేని సరుకు నా కొట్లోంచి బయటికెళ్తే నాకు నిద్ర పట్టదండీ" అంటూ గోవర్ధనరావు దాన్ని ఎర్ర డబ్బాలో, దూది మీద పెట్టి ఇచ్చాడు.

ఆ కొట్లోనే రాళ్ళు పొదిగే అన్నమ్మ, దుర్గకి పిన్ని. ఆవిడ చూసింది ఎర్ర డబ్బానీ, అందులోని మెరుపునీ మాత్రమే. శ్రీహరి గుమ్మం దిగకముందే కోడూరుకి ఫోను వెళ్ళిపోయింది.

పోతురాజు చక్రం బిగించి మీట నొక్కాడు. అద్దం మెత్తగా పైదాకా లేచింది. శ్రీహరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చల్లపల్లి దగ్గర అత్తగారు మహాలక్ష్మమ్మ ఫోను చేసింది. కారు పక్కకి ఆపి ఎత్తాడు.

"బాబూ, పిల్లకి నగ చేయించారంట గదా. అన్నమ్మ చెప్పింది. దుర్గ తలంటుకుని అరుగు మీద కూర్చుంది."

కాదని చెప్పడానికే శ్రీహరి నోరు తెరిచాడు. కానీ ఆమె తన కోసం అరుగు మీద కూర్చుందన్న మాట విన్నాక, "అవునండీ, తెస్తున్నాను" అన్న మాటే బయటికొచ్చింది.

కోడూరులో కారు ఆగేసరికి సగం వీధి అక్కడే ఉంది.

"ఏదండీ?" అంది దుర్గ.

పంతొమ్మిది రోజుల తరవాత ఆ మొహం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు. "తలుపులో ఉంది" అన్నాడు.

"దారిలో దొంగల భయం గదా, మంచి పని చేశారు" అని మెచ్చుకుంది మహాలక్ష్మమ్మ. మామగారు అప్పయ్య పడవ ఇంజన్లు విప్పడంలో చేయి తిరిగిన మనిషి. శ్రీహరి వద్దు వద్దంటే అది మొహమాటమనుకున్నారు. పావుగంటలో తలుపు అట్ట ఊడింది, మోటారు ఊడింది, అద్దం దభీమని లోపలికి జారిపోయింది. అప్పయ్య అరచేతిలో, గ్రీజు మధ్య, పళ్ళచక్రం తళతళలాడింది.

"ఏంటిది?" అంది దుర్గ.

"అద్దాన్ని ఎక్కించేది. అద్దం ఎక్కేదాకా రానన్నావుగా. పొద్దున ఎక్కింది దుర్గా, ఒట్టు."

"దీని కోసమా ఇన్నాళ్ళు ఆగారు? మర్నాడే వస్తారని నేను సంచి కూడా విప్పలేదు. రోజూ బందరు బస్సొచ్చే వేళకి గుమ్మంలో నిలబడ్డాను."

"నువ్వే అన్నావుగా."

"కోపంలో అన్నాను. కోపంలో అన్న మాటకి స్పేరు పార్టులు వెతుకుతారా ఎవరైనా?"

లోపలికెళ్ళి సంచి తెచ్చుకుని, అద్దం లేని తలుపు పక్కనే కూర్చుంది. అవనిగడ్డ దాటాక వాన అందుకుంది. బండి ఆపి కిటికీకి తువ్వాలు కడతానన్నాడు శ్రీహరి. "ఆపకండి, ఇంటికి పోనివ్వండి" అంది దుర్గ, తడుస్తూనే అతని భుజానికి ఆనుకుని.

ఆ రోజు వీధిలో లేనివాళ్ళందరికీ మహాలక్ష్మమ్మ, నగ మరీ బరువైందనీ, అల్లుడు దాన్ని బ్యాంకు లాకర్లో పెట్టాడనీ చెప్పింది.