బ్లాకు బెల్టు

"దేశరక్షణ సరిహద్దుల్లో మొదలైతే, ఆడపిల్లల ఆత్మరక్షణ మన కాలనీ గేటు దగ్గర మొదలవుతుంది!"

ఎనభై మూడులో, ఒరిస్సాలోని రాయగడ దాపున ఒక ఫ్యాక్టరీ కాలనీ నోటీసు బోర్డు మీద ఈ మహావాక్యం వెలిసింది. కింద చిన్నక్షరాల్లో అసలు సంగతి: బాలికల హైస్కూలుకి కరాటే మాస్టారు కావలెను. అర్హత, బ్లాక్ బెల్టు. కుళాయి గల రెండు గదుల క్వార్టరు ఇవ్వబడును.

టైమాఫీసు గుమాస్తా చంద్రశేఖరం చూపు 'కుళాయి' దగ్గరే ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఆయన ఇంటికి నీళ్ళు భార్య కామేశ్వరమ్మ చంకనెక్కి వస్తున్నాయి. నీళ్ళతో పాటు ఆవిడ మాటలూ వస్తున్నాయి.

"మీకు కరాటే ఏటొచ్చండీ?" అంది కామేశ్వరమ్మ.

"కరం అంటే చెయ్యి. ఆట అంటే ఆట. చెయ్యాడిస్తే కరాటే! ఇరవయ్యేళ్ళుగా ఫైళ్ళ మీద ఆడిస్తన్నది ఏటనుకున్నావు?"

"మరి ఆ బెల్టో?"

"ఓసి పిచ్చిదానా! కులం సర్టిఫికెట్టు ఎక్కడిచ్చేరు? బ్లాకులో. నివాసం సర్టిఫికెట్టు? బ్లాకులో. బ్లాకు బెల్టు మరి బొబ్బిల్లో ఇస్తారేటే?"

పాసింజరెక్కి వెళ్ళాడు. ఏ బ్లాకాఫీసో చెప్పను, పాపం పిల్లలు గలవాళ్ళు. మొదటిసారి అక్కడి గుమాస్తా సెలవు. రెండోసారి ఉన్నాడు గానీ, బ్లాక్ బెల్టంటే ఏమిటో ఆయనకి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు! "హఁ ఆగ్యాఁ, హెబొ", అంటే చిత్తం, అయిపోతుందని ఒడియాలో భరోసా ఇచ్చి, "దరఖాస్తుదారుడు ఈ బ్లాకు బెల్టుకు చెందినవాడని ధ్రువీకరించడమైనది" అని టైపు కొట్టి, గారెంత ముద్ర గుద్దాడు.

ఇంటర్వ్యూ చేసేది వెల్ఫేరాఫీసరు సూర్యారావు. అభ్యర్థులు ఇద్దరే. రెండో అభ్యర్థి ఫిట్టరు అసిరయ్య కూతురు నీలవేణి. విశాఖలో మేనత్త ఇంట చదువుకుంటూ, అయిదేళ్ళు కోడికంటే ముందు లేచి, ఇసకలో దొర్లి, తెల్ల బెల్టు నుంచి గోధుమరంగు బెల్టు దాకా ఎగబాకింది. పిడికిలి కణుపులు కాయలు కాచి ఉన్నాయి.

"ఇంకో ఏడాదిన్నర నేర్సుకుంటే నలుపు ఇస్తారండి," అంది.

"మేం అడిగింది నలుపు, నీది గోధుమ. ఈ చుట్టుపక్కల గోధుమ పండదమ్మా, ఇది వరి బెల్టు!" అని సూర్యారావు తన జోకుకి తానే నవ్వుకున్నాడు.

నీలవేణి పక్కకి తిరిగింది. "మాస్టారూ, మీకు బెల్టు రాడానికి ఎన్నాళ్ళు పట్టిందండి?"

చంద్రశేఖరం అబద్ధాలాడే మనిషి కాడు. "రెండుపాలి తిరిగేను. మొదటిపాలి ఆయన సెలవులో ఉన్నాడు."

"మరి ట్రైనింగో?"

"ట్రైనింగు కాదమ్మీ, ట్రైనే! పాసింజరు. అదీ రెండు గంటలు లేటు."

"చూశావా వినయం! గొప్పవాళ్ళు గొప్పలు చెప్పుకోరు!" అని సూర్యారావు కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేశాడు.

ఏడాదిన్నర పాటు కరాటే దివ్యంగా సాగింది. మాస్టారు చేతులెత్తమనేవాడు, హాజరు వేసుకునేవాడు, దించమనేవాడు. కుళాయి కూడా దివ్యంగా సాగింది.

ఉద్యోగం పర్మనెంటు చెయ్యడానికి మళ్ళీ అభ్యర్థుల్ని పిలిచిన రోజు రానే వచ్చింది. నీలవేణీ వచ్చింది, ఆరున్నరేళ్ళ చెమటని నల్లగా నడుముకి చుట్టుకుని. రూలు ప్రకారం సర్టిఫికెట్లు పరిశీలించాల్సింది టైమాఫీసు. అనగా, కరాటే నేర్పుతూనే గుమాస్తా కుర్చీ వదలని చంద్రశేఖరం. పోటీదారుడే పరీక్షాధికారి! ఆమె కాగితాన్ని తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. కుళాయి కళ్ళలో మెదిలింది. దొరికింది!

"ఇందల బ్లాకు ముద్ర లేదండి!"

"అవునవును," అన్నాడు సూర్యారావు కళ్ళజోడు సవరించుకుంటూ. "బ్లాకు ముద్ర లేనిది బ్లాక్ బెల్టెలా అవుతుంది? రూలు రూలే!"

నీలవేణి కోప్పడలేదు. ఫైళ్ళు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టిన ఇటుకని అందుకుని, రెండు ఫైళ్ళ కట్టల మీద వంతెనలా పెట్టింది.

"ముద్రే గదండి కావాల? ఎయ్యమంటారా?"

చెయ్యి లేవడం కనిపించింది గానీ దిగడం ఎవరికీ కనిపించలేదు. ఇటుక రెండు ముక్కలై కూచుంది.

సూర్యారావు ఇటుక చూశాడు. ఆ చెయ్యి చూశాడు. తన ముందుపళ్ళు నాలుకతో తడిమి చూసుకున్నాడు.

"ముద్ర స్పష్టంగా ఉంది!" అని నీలవేణి కాగితం మీద సంతకం చేస్తూ చంద్రశేఖరం మీద విరుచుకుపడ్డాడు. "బ్లాకాఫీసు కాయితం చెల్లదని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను గదయ్యా!"

గుమ్మం దాటుతున్న నీలవేణి వెనకాల చంద్రశేఖరం పరుగెత్తాడు.

"అమ్మీ, అమ్మీ! నీ దగ్గిరైతే ఆ బెల్టు నాకు రాడానికి ఎన్నాళ్ళు పడతాది?"

"మీకేటి మాస్టారూ, రెండుపాలి తిరగండి," అంది నీలవేణి. "మొదటిపాలి నాను సెలవులో ఉంటాను."