ఎండిన బుర్రల కేసు

“ముజీబ్! ఈ రాష్ట్రంలో అసలైన మెదడున్నవాళ్లు ఇద్దరే. రెండోవాడు ఇంకా పుట్టలేదు!”

ఈ ప్రకటన సిద్దిపేటలోని ఒక జిరాక్స్ దుకాణంలో వెలువడింది. చేసినవాడు దుకాణం ఓనరు నరహరి. అతని బోర్డు మీద ‘జిరాక్స్, లామినేషన్’ కింద ‘రహస్య పరిశోధనలు కూడా చేయబడును’ అని ఉంటుంది. పక్క మడిగెలో గడియారాలు బాగుచేసే ముజీబ్ పన్నెండేళ్లుగా ఇలాంటివి వింటూనే ఉన్నాడు. తలెత్తకుండా “మాషా అల్లా” అన్నాడు.

అంతలో ఫోన్ మోగింది. రిటైర్డ్ టీచర్ లక్ష్మీరాజం సారు భార్య ప్రమీలాదేవి. నరహరి స్పీకర్ ఆన్ చేశాడు.

“తమ్మీ, మా సారు మూడు ఆదివారాల సంది తెల్లారంగనే మద్దూరు అవతలి గుట్టలకు పోతుండు. అడిగితే నీళ్లు నములుతుండు. తడిసి వస్తుండు. పైకెల్లి నవ్వుకుంట వస్తుండు! ముప్పయ్యేండ్లల్ల గట్ల నవ్వంగ చూడలే. నాకు భయమైతుంది.”

“చేతిలో ఏమైనా ఉంటుందా మేడమ్?”

“సంచిల రెండు బుర్రలు. ఎండినయి. మా అటుక మీద దాచిపెట్టినయే...”

నరహరి టక్కున ఫోన్ పెట్టేశాడు. ముఖం జిరాక్స్ కాగితంలా తెల్లబడింది.

“జంట హత్యలు ముజీబ్! తలకాయలు ఎండబెట్టి మరీ దాచాడు!”

“అరే భాయ్, ఆమె చెప్పేది పూర్తిగ ఇనకపోతివి!”

“పూర్తిగా వినేవాడు గుమాస్తా. వినకముందే గ్రహించేవాడు డిటెక్టివ్!”

ఆదివారం పొద్దున లక్ష్మీరాజం మోపెడ్ ముందు, ముజీబ్ స్కూటర్ వెనక బయలుదేరాయి. గుట్టల దగ్గర బాట ఆగిపోయింది. మోపెడ్ ఒక మోదుగు చెట్టుకింద ఉంది, సారు మాత్రం లేడు. వానాకాలంలో మాత్రమే దూకే జలపాతం ఒకటి లోపలెక్కడో ఉందని ముజీబ్ విన్నాడు. ఎవరూ అటు వెళ్లరు. ఎందుకు వెళ్లరో పది నిమిషాల్లోనే తెలిసింది. ఏనుగంత బండలు, వాటి మధ్య రేగుముళ్లు. నరహరి నల్లకోటు, నల్లకళ్లద్దాలు వేసుకొచ్చాడు. కోటు ముళ్లకు చిక్కుతోంది, అద్దాల వల్ల దారి కనిపించడం లేదు.

“ఆగు! అడుగుజాడలు! హంతకుడు ఎడమకాలు ఈడుస్తాడు.”

అరగంటసేపు ఆ జాడల వెంట నడిచారు. తీరా చూస్తే మళ్లీ మోదుగు చెట్టు దగ్గరికే వచ్చారు.

“అవి నా చెప్పుల జాడలు భాయ్. ఎడమది తెగింది,” అన్నాడు ముజీబ్.

“నీ మీద నాకు మొదటినుంచీ అనుమానమే,” అన్నాడు నరహరి.

చివరికి నీళ్ల హోరును బట్టి ముజీబే దారి పట్టాడు. ఇద్దరూ పాకుతూ జలపాతం పక్కనున్న బండపైకి చేరారు. కింద గుండంలో ఓ బక్కపలచని మనిషి లక్ష్మీరాజం తల పట్టుకుని నీళ్లలోకి వంచుతున్నాడు.

“ముంచకు ఉప్పలయ్యా! సచ్చిపోత!” అని సారు అరుస్తున్నాడు.

“మూడో హత్య!” నరహరి లేచి నిలబడ్డాడు. “కదలొద్దు! చట్టం మిమ్మల్ని చుట్టుముట్టింది!”

వాళ్లు కదలలేదు. కదిలింది నరహరి కాలే. నాచు మీద జర్రున జారి, జలపాతంతో పాటే గుండంలో పడ్డాడు. పుస్తకాల భాష అతన్ని అక్కడితో వదిలేసింది.

“ముజీబూ! నాకు ఈత రాదురా! సస్తున్ననురో!”

ముజీబ్‌కూ ఈత రాదు. నరహరి పడ్డ దెబ్బకు లేచిన నీళ్లు ఉప్పలయ్యను అవతలి ఒడ్డు దాకా తోసేశాయి. ‘యా అల్లా, వాడు ఒట్టి పిచ్చోడే గాని మంచోడు’ అనుకుంటూ ముజీబ్ చొక్కా విప్పేసి, ఏం చేయాలో తెలియక దాన్నే నీళ్లలోకి విసిరాడు.

అప్పుడు లక్ష్మీరాజం తేలడానికి నడుముకు కట్టుకున్న రెండు ఎండిన సొరకాయ బుర్రలు అడ్డమొస్తుంటే తెంపి పారేసి, కప్పలా కాళ్లు కొట్టుకుంటూ వచ్చి నరహరి కోటు కాలర్ పట్టుకున్నాడు. ఉప్పలయ్య చేరుకునేసరికి ఇద్దరూ నీటి పైనే ఉన్నారు.

“తేలిన!” సారు కేక పెట్టాడు. “ఉప్పలయ్యా, బుర్రలు లేకుంటనే తేలిన!”

ఒడ్డున నరహరి నీళ్లు కక్కుతూ అన్నాడు. “చూశావా ముజీబ్... కేసు తేలింది.”

కారణం సారే చెప్పాడు. పెళ్లిచూపుల్లో గోదావరి ఈదానని కోతలు కోశాడట. ఇప్పుడు మనవరాలు రిషిత ఆ మాట నమ్మి, దసరా సెలవులకు వస్తాను, ఈత నేర్పమంటోంది. పరువు పోకుండా, కల్లుగీసే ఉప్పలయ్య దగ్గర గుట్టుగా నేర్చుకుంటున్నాడు.

“మా ఆమెకు చెప్పకుండ్రి,” అని బతిమాలాడు.

కాని ఇల్లు చేరేసరికి ప్రమీలాదేవి గుమ్మంలోనే నిలబడి ఉంది. వణుకుతున్న నరహరిని చూడగానే ముజీబ్‌ను నిలదీసింది. ముజీబ్‌కు అబద్ధం నోట రాలేదు. అంతా చెప్పేశాడు. సారు తల దించుకున్నాడు.

“గోదారి ముచ్చట అబద్ధమని నాకు ఎప్పుడో ఎరుక,” అంది ఆమె. “పెండ్లయిన నెలకే మా బాయిల నీళ్లు చూసి చెమటలు వట్టినయి నీకు. సిగ్గుపడ్తవని అడుగలే.”

ఆమె ఆయనకు తువ్వాలు అందించి, గొంతు తగ్గించి అడిగింది.

“నాకు గూడ నేర్పుతవా?”

“నేర్పుత గని,” అన్నాడు లక్ష్మీరాజం తల తుడుచుకుంటూ, “జర ఆగాలె. నాకింక నీళ్లల్ల ఎనుకకు మర్లుడు రాలే. ఇప్పటికైతే ముంగటికే పోతున్న.”