పద్నాలుగో పేజీ మీద అభ్యంతరం

గిరిజన బాలబాలికల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించే మహత్తర పథకం కింద, పాడేరుకు ఎగువన కొండల్లో ఉన్న గెడ్డపుట్టు గ్రామ పాఠశాలకు ప్రభుత్వం వారు ఒక కట్ట బొమ్మల పుస్తకాలు పంపించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ ఏడు మూడో తరగతి వాచకాలు అందలేదు. నాలుగో తరగతివి అంతకు ముందు ఏడు కూడా అందలేదు. వాచకాలు లేకపోయినా బడి ఎలాగో నడుస్తుంది గాని, అంతరిక్షం లేకుండా ఎన్నాళ్లు నడుస్తుంది?

పుస్తకం పేరు ‘గగనదళం: పచ్చగ్రహం మీద దండయాత్ర’. పట్నాల్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చే బొమ్మల ధారావాహికకు అనుబంధంగా దాన్ని అచ్చు వేశారు. ధారావాహిక చూసిన పిల్లలు పుస్తకం కొంటారనీ, పుస్తకం కొన్నవాళ్లు ప్లాస్టిక్ రాకెట్టు కొంటారనీ ప్రచురణకర్తల అంచనా. పిల్లలు తిన్నగా రాకెట్టు కొనేసి ఊరుకున్నారు. పుస్తకాలు గోదాములో మిగిలిపోయాయి. సరిగ్గా అప్పుడే, కొండల్లో ఉండే పిల్లలకు విజ్ఞానం చాలడం లేదన్న బాధ ఒక పెద్దమనిషికి కలిగింది. అట్ట వెనక ‘మీ అభిమాన వీరుణ్ణి టీవీలో తప్పక చూడండి’ అని రాసి ఉంది. గెడ్డపుట్టుకు కరెంటు స్తంభాలు వచ్చేశాయి. తీగ రావలసి ఉంది.

బడిలో ఐదు తరగతులకూ కలిపి ఉపాధ్యాయుడు ఒక్కరే, ఐజాక్ మాస్టారు. పాడేరు నుంచి జీపు వచ్చిన రోజున ఆయనా వస్తారు. వేరే పుస్తకం లేదు కాబట్టి ఆయన ఈ పుస్తకంతోనే అన్నీ చెప్పారు. చిన్నపిల్లలు ‘గగనం’లో ‘గ’ దిద్దారు. పెద్దపిల్లలు శత్రునౌకల్లోంచి కూలిన నౌకలు తీసేసి లెక్కలు చేశారు. దసరా సెలవుల నాటికి బడిలో అందరికీ పుస్తకం కంఠతా వచ్చింది. నాలుగో తరగతి సోని అయితే ప్రచురణకర్త చిరునామాతో సహా అప్పజెప్పేది.

కథ మీకు తెలిసిందే. పచ్చగ్రహం నిండా కొండలు. కొండల్లో వెండిమన్ను. అది లేనిదే క్రూమ్ చక్రవర్తికి కొత్త నౌకలు తయారు కావు. టోపీలు పెట్టుకున్న మనుషులు ఆకాశం నుంచి దిగి, కొండను కొలిచి జెండా పాతుతారు. పదమూడో పేజీలో కొండవాసులు చేతులు పట్టుకుని నిలబడి, ‘ఇది మా తల్లి, ఇవ్వం’ అంటారు. పుస్తకం మొత్తంలో వాళ్లు మాట్లాడేది ఆ ఒక్కచోటే. పేజీ తిప్పితే, పద్నాలుగులో చక్రవర్తి మంత్రి ఉపన్యాసమిచ్చి వాళ్లకు మెరిసే గిన్నెలు పంచుతాడు. చివర్లో కెప్టెన్ రణధీర్ నౌకలో వచ్చి చక్రవర్తిని చితకబాది కొండను కాపాడతాడు.

ఇక గెడ్డపుట్టు వారి చాదస్తం గురించి చెప్పాలి. సర్కారు ముద్రతో ఏది వచ్చినా ఊరంతా కూర్చుని చదివించుకుంటారు. సమ్మతమో కాదో తేల్చి ఆఫీసుకు కబురు పెడతారు. పూర్వం ఒకసారి చదవకుండా వేలిముద్రలు వేస్తే పల్లం పొలాలు ఆనకట్ట నీటి కిందికి పోయాయట. అంత చిన్న విషయాన్ని వాళ్లు ఇంకా మరిచిపోలేదు.

బొమ్మలున్న పుస్తకమైతే ఇంకా జాగ్రత్త. కాఫీ మొక్కల బొమ్మలతో పుస్తకం వచ్చింది, ఆ వెనకే కాఫీ మొక్కలు వచ్చాయి. దోమల బొమ్మలు వచ్చాక మందు కొట్టేవాళ్లు వచ్చారు. కుటుంబ నియంత్రణ బొమ్మలు వచ్చాక డాక్టర్ల జీపు వచ్చింది, ఆ పూట ఊళ్లో మగవాడన్నవాడు కనిపించలేదు. ముందు బొమ్మ వస్తుంది, తరవాత మనిషి వస్తాడు. ఇది పరిశీలించి తేల్చిన సూత్రం. శాస్త్రీయ దృక్పథం కావాలన్నది ప్రభుత్వం వారే కదా.

కాబట్టి ఊరిపెద్ద వరహాలు సభ పెట్టించాడు. సోని నిలబడి పుస్తకమంతా చదివింది. చర్చ సాగింది. నౌక దిగాలంటే చదును చేస్తారు, అలాగైనా రోడ్డు పడుతుందని కొందరన్నారు. పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఆ నౌకలో పాడేరు ఆసుపత్రికి దింపుతారేమో అడగాలని ఇంకొందరన్నారు. అందరికన్నా దిగులు పడింది సోని నాయనమ్మ సోములమ్మ. ఊరికి పైనున్న జాకరమ్మ కొండవాలున ఆమె కాఫీ తోట ఉంది. భర్త పోయాక ఆమె ఒంటిచేత్తో పెంచింది. ఆ ఏడే మొదటిసారి పండ్లు పట్టాయి. అది తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. పుస్తకంలో జెండా పాతిన చోటు అచ్చం తన తోటలాగే ఉందని ఆమె గుర్తుపట్టింది.

అదంతా కట్టుకథ, భయపడకండని ఐజాక్ మాస్టారు నచ్చజెప్పారు.

“కతయితే గుండ్రటి ముద్దర ఎందుకేసేరు మేస్టారూ?” అని అడిగాడు వరహాలు.

ఇన్నేళ్ల సర్వీసులో ముద్ర వేసినదాన్ని కథ అని చెప్పవచ్చునో కూడదో ఆయనకెవరూ శిక్షణ ఇవ్వలేదు. సభ తీర్మానం చేసింది: ‘క్రూమ్ చక్రవర్తి గారికి మా కొండ ఇవ్వడం మాకు సమ్మతం కాదు.’ వేలిముద్రలతో కాగితం పాడేరు చేరింది.

ఆఫీసులో నవ్వి పారేస్తారని మీరనుకుంటారు. ఎవరూ నవ్వలేదు. పక్క గదిలోని బీరువాలో జాకరమ్మ కొండ తవ్వకం గురించి నిజంగానే ఒక ఫైలు ఉంది. కొండ కొలతలు, జెండాలు పాతడం, టోపీల కొనుగోలు, ఇంటింటికీ అల్యూమినియం గిన్నెల పంపిణీ, అన్నీ అందులో ఉన్నాయి. చక్రవర్తి పేరు ఒక్కటే వేరు. ఫైలు మీద ‘అతి రహస్యం’ అని రాసి ఉంది. ఇంత రహస్యం గెడ్డపుట్టుకు ఎలా పొక్కిందని సిబ్బంది ఒకరినొకరు అనుమానించుకున్నారు. ఇద్దరికి మెమోలు అందాయి. ఆ పుస్తకం తెప్పించి చదివి చూద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. అది చదవడానికి కాదు, పంపిణీకి వచ్చిందని అందరికీ తెలుసు.

వదంతులను ఖండించి, పనిలో పనిగా కొండకు సమ్మతి కూడా తీసుకురావడానికి ప్రత్యేకాధికారి భాస్కర్ గారు బయలుదేరారు. వెంట టోపీలు పెట్టుకున్న సర్వే మనుషులు, జెండాల కట్ట, గోనెసంచుల్లో గిన్నెలు. జీపు దిగగానే పిల్లలు చుట్టూ మూగి ఆయన్ను ఎంతో పరిచయస్తుణ్ణి చూసినట్టు చూశారు. గిరిజనుల్లో అధికారుల పట్ల ఇంత ఆదరం ఉందని ఆయన ఊహించలేదు. ముచ్చటపడి ఉపన్యాసం మొదలుపెట్టారు.

“ప్రియమైన కొండవాసులారా, మేము మీ మేలు కోరి వచ్చాం. ఇన్నాళ్లూ ఈ కొండ మీకు బరువుగా ఉంది...”

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

“...ఆ బరువు మేము దించుతాం. అభివృద్ధి మీ గడప ముందు నిలబడింది” అన్నారు పిల్లలు ముక్తకంఠంతో.

భాస్కర్ గారు తడబడ్డారు. తరవాతి వాక్యం కోసం చేతిలోని కాగితం చూసుకునేలోపు సోని దాన్ని కూడా అప్పజెప్పేసింది. ఆ తరవాతిది రెండో తరగతి వాళ్లు చెప్పారు. ఆయన ఆ పుస్తకం చదివినవారు కాదు, పుస్తకం రాసినవాడు ఆయన్ను చూసినవాడు కాదు. ఇలాంటి ఉపన్యాసాలు ఏ గ్రహంలో రాసినా ఒకేలా వస్తాయి. పిల్లలు వరస కట్టి గిన్నెల కోసం చేతులు చాచారు. గిన్నెల సంగతి తానింకా ప్రకటించనే లేదని ఆయన గుమాస్తా వైపు ఉరిమి చూశారు.

అప్పుడు సోములమ్మ లేచింది.

“నీ సదువు మాకు ముందే తెలుసు బాబూ. సివర్న కెప్టెనొకడు వత్తాడు కదా. ఆ గుంటడు ఏ బస్సుకొత్తాడో సెప్పు.”

విషయం అర్థం కావడానికి భాస్కర్ గారికి కొంతసేపు పట్టింది. పుస్తకం చేతికిచ్చాక ఆయన హాయిగా నవ్వారు. కెప్టెన్ లాంటివాళ్లు ఉండరనీ, అది వట్టి కల్పన అనీ, నాగరికులు ఇలాంటివి నమ్మరనీ వివరించారు. టోపీల వాళ్లు అప్పటికే కొండదారిలో మొదటి జెండా పాతుతున్నారు.

సోములమ్మ ఆ జెండా వైపు చూసింది.

“తవ్వీవోళ్లు నిజం, ఆపీవోడు కత. బాగుంది బాబూ. అయితే మేవే ఆపుతాం.”

ఆమె వెళ్లి తన తోటకు పోయే దారికడ్డంగా కూర్చుంది. పక్కన సోని కూర్చుంది. తరవాత వరహాలు, తరవాత ఊరు. పిల్లలు గిన్నెలు జీపులో పెట్టేశారు. ఐజాక్ మాస్టారు ప్రభుత్వోద్యోగి కాబట్టి కూర్చోలేదు, వాళ్ల వెనకాల నిలబడ్డారు. చీకటి పడకముందే జీపు, జెండాతో సహా, కొండ దిగింది. ఆ ఏడు సోములమ్మ కాఫీ పండ్లు తనే కోసుకుంది. ఇప్పటికీ కోస్తూ, మధ్య మధ్య దారి వైపు చూస్తుంటుంది.

ఇక భాస్కర్ గారి నివేదిక. గ్రామస్థులకు ప్రాజెక్టు మీద వ్యతిరేకత లేదనీ, వారి అభ్యంతరమంతా పద్నాలుగో పేజీ మీదేననీ ఆయన నిర్ధారించారు. ప్రభుత్వం వెంటనే స్పందించింది. ఆ ఆకు తీసేసి పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయించారు. అభ్యంతరం పరిష్కారమైనట్టు ఫైల్లో రాసుకున్నారు. రెండో ముద్రణ అందంగా వచ్చిందని పట్నాల్లోనూ బాగా అమ్ముడుపోయింది.

మీ ఇంట్లో ఉన్నది ఆ ప్రతే. తీసి చూడండి. పన్నెండో పేజీ తరవాత పదిహేనో పేజీ వస్తుంది. పద్నాలుగు చింపితే దాని వెనకున్న పదమూడు కూడా పోతుంది కదా, కొండ మీద చేతులు పట్టుకుని నిలబడ్డ మనుషులు ఇప్పుడు పుస్తకంలో లేరు. చక్రవర్తీ కెప్టెనూ ఒక ఖాళీ కొండ కోసం కొట్టుకుంటారు. కథ ఎక్కడా తెగినట్టు ఉండదు. మా అబ్బాయికి నేనే ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఏదో తగ్గిందని వాడికి అనిపించలేదు, నాకూ అనిపించలేదు.