తేలికైన తుపాకి పట్టా

పట్టా అనగానే మీరు భూమి పట్టా అనుకునేరు. ఆ తగాదా అయితే నాకింత అలసట ఉండేది కాదు, తాతల నాటి నుంచి మా ఇంట అలవాటే. నేను చెప్పేది తుపాకి పట్టా గురించి. తుపాకిని భుజానికి తగిలించుకునే బెల్టు.

మా కాపురం జహీరాబాద్‌లో, చెరుకు తోట మొగుడంపల్లి దగ్గర. చెరుకు మేము వేస్తాం, అడవి పందులు తింటాయి, వాటికి నచ్చనిది మిల్లుకు పోతుంది.

ఈ ఏడాది పందులు మరీ ఎక్కువయ్యాయి. చుట్టుపక్కల రైతులంతా మొరపెట్టుకుంటే పంచాయతీ తీర్మానం చేసింది, అటవీ శాఖ వాళ్లు సరేనన్నారు. లైసెన్సు తుపాకులున్నవాళ్లు జట్టుగా కర్ణాటక సరిహద్దు గుట్టల్లోకి నడిచి వెళ్లి, అక్కడే మకాం వేసి, పందుల్ని వేటాడి రావాలని నిర్ణయమైంది. జట్టుకు పెద్ద సిద్దప్ప. పటాలంలో పనిచేసి వచ్చినవాడు. టీ తాగుతావా అంటే ఇప్పటికీ అటెన్షన్‌లో నిలబడి తాగుతాడు.

నా దగ్గర మా మామగారి రైఫిల్ ఉంది. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. రైఫిల్ ఉండేది బీరువాలో, బీరువా తాళం ఉండేది మా ఆవిడ బాలమణి కొంగున. అంటే లైసెన్సు నాది, తుపాకి ఆమెది, బరువు మాత్రం నా భుజానిది.

దానికున్న పట్టా తోలుది. మామగారు ఏ దున్నపోతు తోలుతో కుట్టించారో గానీ, చచ్చినా దాని మొండితనం పోలేదు. ఒక్క పూట తగిలించుకుంటే భుజం మీద వాత తేలుతుంది. దాన్ని గుట్టల్లో మోయడం నా వల్ల కాదని తేలికపాటి పట్టా కోసం వెతకడం మొదలుపెట్టాను.

"పట్టా తేలికైతే తుపాకి తేలికైతదా?" అంది బాలమణి.

"పట్టా మంచిదైతే తుపాకి బరువు తెల్వదు."

"గట్లనా. అయితె నాకు గూడ ఒకటి తే. నీ బరువు తెల్వకుంట ఉంటది."

సిద్దప్పను సలహా అడిగాను. "వెడల్పుండాలె, జారొద్దు, గలగల చప్పుడు చెయ్యొద్దు, ఊకె ముచ్చట పెట్టొద్దు" అన్నాడు.

"పట్టా ముచ్చటెట్ల పెడతది సిద్దప్పా?"

"ఆఖరిది నీకు చెప్పిన."

బజారులో గురులింగప్ప దుకాణానికి వెళ్లాను. ఆయన అమ్మేది పగ్గాలు, ముకుతాళ్లు, మెడపట్టాలు. నా అవసరం ఓపిగ్గా విని, లోపలికి వెళ్లి మువ్వలున్న మెడపట్టా ఒకటి తెచ్చాడు.

"దేవణి జాతి ఎద్దునే ఆపుతది ఇది. జర మెడ వంచు, కొలత చూస్త."

"నాకు కాదన్నా, తుపాకికి."

"తుపాకిది మెడ ఎంత లావుంటది?"

ఇక లాభం లేదని మంచం నవారు ముక్క తీసుకున్నాను. మెత్తన, వెడల్పు, బరువే లేదు. తుపాకి బయటికి తియ్యొద్దని బాలమణి ఆజ్ఞ కాబట్టి గడ్డపారకు కట్టి భుజాన వేసుకుని వాకిట్లో కవాతు చేశాను. నవారు తేలికే గానీ సాగే గుణం ఉంది. అది మెల్లగా సాగి, గడ్డపార మెల్లగా దిగి, నేను చటుక్కున తిరిగేసరికి దాని మొన వెళ్లి గడప పక్కన ఎండకు పెట్టిన ఉసిరికాయ తొక్కు జాడీకి తగిలింది.

బాలమణి వచ్చి చూసింది. వాకిలంతా తొక్కు, మధ్యలో నేను.

"వేటల ఏం పడ్డది?" అంది.

"జాడీ."

"మంచిదే. అది ఉరకలేదు గద."

అప్పుడు వచ్చాడు నా దోస్తు నర్సింగ్. ఊరంతా వాణ్ని ఫికర్ నర్సింగ్ అంటారు. వానొస్తే వరదని ఫికరు, రాకపోతే కరువని ఫికరు. "ఫోన్ల దొరకందేముంది అన్నా" అని నా ఫోను తీసుకుని, దాన్ని ఇంగ్లీషులో స్లింగ్ అంటారని కనిపెట్టి, 'తేలికైన స్లింగ్, భుజానికి నొప్పి తెలియనిది' అని వెతికి, తనకు నచ్చిన దాన్ని ఒత్తేశాడు. బొమ్మ చూడలేదేమని తర్వాత అడిగితే, ఎక్కువసేపు చూస్తే నా డేటా అయిపోతుందని ఫికరైందట.

పార్సిల్ వచ్చింది. నీలంరంగు, మెత్తటి గుడ్డ, భుజం దగ్గర దూది అంచు. దూదిపింజంత తేలిక. అయితే మధ్యలో సంచీ లాంటిది ఉంది. తుపాకి మడమ అందులో పెట్టుకోవాలేమో అనుకున్నాను. అద్దం ముందు నిలబడి మెడలో వేసుకుని, ఎడమ చెయ్యి సంచీలో పెట్టి చూసుకున్నాక అర్థమైంది. అది విరిగిన చేతికి దవాఖానలో వేసే కట్టు.

సరిగ్గా అప్పుడే బాలమణి వచ్చింది. ఆ రోజు ఇంటికి సున్నం వేయడానికి అటక మీద సామానంతా దించాలని పొద్దున్నుంచి చెబుతోంది. ఇంకోసారి చెప్పడానికే వచ్చి ఉంటుంది. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"అయ్యో, చెయ్యికేమైందయ్యా?"

ఆ గొంతులో మెత్తదనం నేను విని ఎంత కాలమైందో. ఒళ్లంతా అలసి ఉంది. చెరుకు దగ్గర కాపలా, ఇంటి దగ్గర అటక. నిజం చెప్పాలనే నోరు తెరిచాను.

"జర బెణికింది" అంది నా నోరు.

ఆమె నన్ను మంచం మీద కూర్చోబెట్టింది, వీపు వెనక దిండు పెట్టింది, అడగకుండానే అల్లం టీ తెచ్చింది. తానే నిచ్చెన వేసుకుని అటకెక్కింది. గంగాళాలు దిగుతున్న చప్పుడు వింటూ టీ తాగాను. పాపభీతి ఉంది గానీ, టీ బాగుంది.

పక్కింటి నారమ్మ గోడ మీంచి చూసింది. ఆమె చూడటమంటే దండోరా వేయించినట్టే. నేను టీ తాగేలోపు చెయ్యి బెణికింది, గ్లాసు కింద పెట్టేలోపు విరిగింది, సాయంత్రానికి పంది కరిచింది. పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక డజను అరటిపళ్లు తెచ్చారు.

ఫికర్ నర్సింగ్ కళ్లనీళ్లతో వచ్చాడు. "అన్నా, నేను తెప్పించిన స్లింగ్ ఎట్ల అక్కరకొచ్చిందో చూసినవా? నాకు ముందే ఫికరైంది."

వాడికి నిజం చెప్పలేదు. వాడికి చెబితే ఊరికి చెప్పినట్టే.

చివరికి సిద్దప్ప వచ్చాడు. నిలబడే నా కట్టు చూశాడు. "చెయ్యి ఇరిగినోనికి గుట్టలల్ల పనేముంది. జట్టు నుంచి నీ పేరు తీసేసిన" అన్నాడు.

నేను వెళ్లకపోతే కుదరదు. వేట నాకు సరదా కాదు. గుట్టల్లో జట్టు తరిమిన పందులు తోటల్లోకే దిగుతాయి. మా చెరుకు గుట్టకు అన్నిటికంటే దగ్గర. కాల్చేవాళ్లలో నేను లేకపోతే నా తోట వైపు తుపాకి పట్టుకుని నిలబడేదెవరు?

బాలమణి పక్కనే ఉంది. నోటితో చెప్పలేక సిద్దప్పకు కన్ను కొట్టాను. అతను గమనించలేదు. మళ్లీ కొట్టాను.

"బాలమణమ్మా, ఈయన కన్ను గూడ అదురుతున్నది" అన్నాడు సిద్దప్ప. "దెబ్బ నెత్తికి గూడ ఎక్కినట్టుంది."

రేపటికల్లా నయమైపోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. బెణుకే కదా, రాత్రి పడుకుంటే తగ్గిందంటే సరి.

తెల్లవారి స్నానం చేసి, తగ్గుముఖం పట్టినట్టు చూపించడానికి కట్టు కాస్త వదులుగా వేసుకుని ముందుగదిలోకి వచ్చాను. అక్కడ బాలమణితో పాటు ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. చిరాగ్‌పల్లి బస్వరాజ్. విరిగిన ఎముకలకు నాటు కట్టు కట్టేవాడు. పక్కన వెదురు బద్దలు, కోడిగుడ్లు, మినప్పిండి గిన్నె.

"తగ్గిపోయింది" అన్నాను, గుమ్మంలోనే.

బస్వరాజ్ నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. "నొప్పి ఉన్నదా?"

"లేదు."

"లేదంటె నరం పోయినట్టు."

"ఉన్నది, ఉన్నది."

"ఉన్నదంటె ఎముక ఇరిగినట్టు."

వైద్యంలో అంతకుమించి మూడో దారి లేదట. అతను గుడ్డు పగలగొడుతూ బాలమణిని అడిగాడు: "ఈ చెయ్యేనా అమ్మా?"

అప్పుడు చూసుకున్నాను. కట్టు కుడి చేతికి ఉంది. నిన్న ఉన్నది ఎడమ చేతికి.

బాలమణి నా కుడి చెయ్యి చూసింది, ఎడమ చెయ్యి చూసింది, చివరికి నా మొహం చూసింది. నేను సున్నం వేయని పైకప్పు చూశాను.

"నిన్న ఎడమ చెయ్యికుండె" అంది శాంతంగా. "రాత్రి నొప్పి ఇటు మళ్లినట్టుంది. కుడిదే కట్టు అన్నా. గట్టిగ కట్టు."

ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆమెకు తెలిసింది. బస్వరాజ్‌కు మాత్రం ఏమీ తెలియదు, గట్టిగా కట్టాడు. మినప్పిండి ఆరేసరికి మోచెయ్యి నుంచి వేళ్ల దాకా చెయ్యి కొయ్యబారింది. తాను వచ్చి విప్పేదాకా ముట్టుకుంటే చెయ్యి వంకర పోతుందని హెచ్చరించి వెళ్లాడు. ఇక నేను నిజం చెప్పినా నా చెయ్యి నమ్మదు.

జట్టు గుట్టలకు బయల్దేరింది. మా తోటకు నేను, బాలమణి బయల్దేరాం.

అనుకున్నట్టే అయింది. గుట్టల్లో అలికిడికి పందులు పట్టపగలే కిందికి దిగాయి. గట్టు మీద నిలబడి ఎడమ చేత్తో పళ్లెం వాయించబోయాను, పళ్లెం పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. ఓ పంది ఆగి నన్ను కాసేపు చూసింది. అది పరామర్శకు వచ్చిందేమో అనిపించింది. తర్వాత చెరుకులో దూరింది.

రెండు మడులు నేలపాలయ్యాయి. విరిగిన చెరుకు ఒంటి చేత్తో ఏరాను. బాలమణి నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు ఆమె తోపుడు బండ్లవాళ్లు ఉల్లిగడ్డలమ్మడానికి వాడే బ్యాటరీ మైకు ఒకటి తెచ్చింది. ఒకసారి మాట్లాడి పెడితే అదే మళ్లీ మళ్లీ అరుస్తుంది.

"పందులకేం భాష తెలుస్తది?" అన్నాను.

"నీకు తెలిసిన భాషే" అంది.

మైకు దగ్గరికి తీసుకుని, గొంతు సవరించుకుని, నన్నే చూస్తూ మొదలుపెట్టింది. "ఏమయ్యా, నీకే చెప్పేది. పొద్దెక్కినా లెవ్వవ్. చెప్పిన పని చెయ్యవ్. ఎవల కోసం చేస్తున్న ఇదంత? తినుడు, పండుడు. ఇంకేం తెలుస్తది నీకు? లే, ముందు లే ఆడికెళ్లి." ఇంకా చాలా ఉంది. ఆమె ఎక్కడా తడుముకోలేదు.

మైకును మంచె గుంజకు కట్టాం. చెరుకంతా దద్దరిల్లింది. పందులు తోక ముడిచి గట్టు దాటాయి. ఇన్నేళ్లుగా నేను దాటలేని గట్టు.

మొదటి రోజే ఫికర్ నర్సింగ్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. మైకుకూ నాకూ మధ్య నిలబడి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "వదినా, ఊకో. చెయ్యి ఇరిగిన మనిషి. గింతగనం తిట్టొద్దు."

అప్పుడు బాలమణి మంచె కింద కూర్చుని సజ్జ రొట్టె తింటోంది.

జట్టు గుట్టల నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. సిద్దప్ప మా గట్టు మీద అటెన్షన్‌లో నిలబడి, మైకు చెప్పేదంతా మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. "బాలమణమ్మా, ఈ తిట్లు మా తోటకు గూడ కావాలె" అన్నాడు వినయంగా. తర్వాత ఒకరొకరే వచ్చి అడిగారు. ఇప్పుడు మొగుడంపల్లి తోవలో ఏ చెరుకు పక్క నుంచి పోయినా మా ఆవిడ నన్ను తిడుతూ వినిపిస్తుంది. బస్సులో కూడా కిటికీ మూసుకుని కూర్చుంటాను.

కట్టు విప్పడానికి బస్వరాజ్ రావలసిన వారంలోనే ఓ మధ్యాహ్నం తోటలో ఉన్నాం. నేను నులక మంచం మీద పడుకుని ఉన్నాను. బాలమణి కలుపు తీసి వచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"అబద్ధమెందుకాడినవ్?" అంది. కోపంగా కాదు.

"అలసిపోయిన బాలమణీ."

"అలసిపోయిన అని చెప్తె అయిపోయేది గద."

"చెప్తె ఏమంటుంటివి?"

"నేను గూడ అలసిపోయిన అంటుంటి."

అటక మీద నుంచి గంగాళాలు దించింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"జరుగు" అంది.

మంచం ఒక్కటే, అదీ ఇరుకు. జరిగాను. ఇంకా జరగమంది. ఇంకా జరిగేసరికి నేను నేల మీద ఉన్నాను. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. గుంజ మీద నుంచి ఆమె గొంతే 'ఎంతసేపు పంటవ్, లే' అని అరుస్తోంది.

నిద్ర చెడుతుందేమోనని మైకు శబ్దం తగ్గించబోయాను.

"తగ్గియ్యకు. పందులొస్తయ్" అంది, కళ్లు తెరవకుండానే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎండ జరిగి ఆమె మొహం మీదికి వచ్చింది. మంచం పక్కనే కూర్చుని, మిగిలిన ఒక్క చేత్తో తువ్వాల అడ్డంగా పట్టుకున్నాను. కాసేపటికి ఆ చెయ్యి నిజంగానే గుంజడం మొదలుపెట్టింది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు.