బీరువా తలుపు తీయకముందే

బ్రిటిష్ సామ్రాజ్యంలో సూర్యుడు ఎప్పుడో అస్తమించాడు గానీ, సాయంత్రం టీవీలో మళ్లీ మళ్లీ వేసే పాత హాస్య నాటిక మాత్రం అస్తమించలేదు. (అందుకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు.)

ఇంగ్లండులో, హాలిఫాక్స్‌లోని మా వృద్ధాశ్రమంలో రోజూ అదే. నాటికలో పాదిరి గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటాడు. కాసేపటికి బీరువా తెరుస్తాడు. లోపల స్టేషన్ మాస్టరు, ఒట్టి నిక్కరుతో. మాకందరికీ ఇది కంఠతా వచ్చు. అందుకే ఈనిడ్ బారక్లఫ్ బూట్ల దగ్గరే పడీపడీ నవ్వుతుంది. పక్కనుండే సిరిల్ ఓగ్డెన్, ఒలకకుండా ఆమె టీ కప్పు పట్టుకుంటాడు.

ఒకరోజు నవ్వుల మదింపు అధికారిణి మిస్ పెంబర్టన్ వచ్చింది.

"క్షమించాలి మేడమ్, జోకు ఇంకా రాలేదు. దేనికి నవ్వారు?"

"బీరువాలో ఉన్నాడు కదమ్మా!"

"నాకెవరూ కనపడలేదే?"

"తలుపు తియ్యందే ఎట్లా కనపడతాడే తల్లీ!"

నిబంధన ఏమిటంటే, జోకుకు ముందు నవ్వితే అది కారణం లేని నవ్వు. కారణం లేని నవ్వు మతిమరుపుకు గుర్తు. (మరిచిపోయినవాళ్లు ముందే ఎలా నవ్వుతారన్నది వేరే శాఖ చూసుకుంటుంది.) గురువారం మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే ఈనిడ్‌ను పై అంతస్తులో తాళం వేసే వార్డుకు మారుస్తారు. అక్కడ టీవీ లేదు. సిరిల్ కూడా ఉండడు.

సిరిల్‌కు ఒళ్లు మండింది. "ఏమ్మా, బస్సు వచ్చాకనా మనం వరసలో నిలబడేది? నవ్వూ అంతే!"

"క్షమించాలి," అంది మిస్ పెంబర్టన్. (మా దగ్గర ఆ మాటకు కుదరదని అర్థం.)

ఇక సిరిల్ శిక్షణ మొదలుపెట్టాడు. "ఇదిగో, టీవీలో నాటిక చూసే జనం నవ్వు వినిపిస్తుంది కదా, వాళ్లు నవ్వాకే నువ్వు నవ్వాలి. అప్పటిదాకా ఈ బిస్కెట్ నోట్లో పెట్టుకో."

"కరిగిపోతేనో?"

"ఇంకోటి పెడతాలే. నిన్ను ఆ తాళాల్లోకి పోనిస్తానటే, పిచ్చిమొహమా?"

గురువారం పాదిరి బూట్లు తుడుచుకున్నాడు. ఈనిడ్ బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ నవ్వలేదు. కిసుక్కున నవ్వింది మిస్ పెంబర్టనే. (అధికారులను మదింపు చేసే ఉద్యోగం ఖాళీగా ఉంది.) బీరువా తెరుచుకుంది. టీవీలో జనం నవ్వారు. ఈనిడ్ "హ హ" అని ఉత్తీర్ణురాలైంది.

ఇప్పుడామె సిరిల్ పక్కనే ఉంది. టీవీలో జనం మొదలుపెట్టగానే నవ్వుతుంది, ఆపగానే ఆపుతుంది. సిరిల్ అలవాటుకొద్దీ కప్పు పట్టుకుంటాడు. అది ఒలకడం లేదు. నాకైతే అటు చూడబుద్ధి కావడం లేదు.

ఆ నాటిక తీసిన రోజు చూసి నవ్వినవాళ్లు ఏభై ఏళ్ల కిందటివాళ్లు, చాలామంది ఈపాటికి పోయి ఉంటారు. నిబంధనల ప్రకారం వాళ్ల మానసిక ఆరోగ్యం అత్యుత్తమం.