పెరట్లో సముద్రం

ఆదివారం ప్రార్థనకు ఇంకా వేళ ఉందని బొగ్గుగని కార్మికుడు సామ్యేల్ తన క్వార్టరు పెరట్లో పైపు ముక్క పడుకోబెట్టి, పైన చెక్క వేసి, చేతులు చాపి ఎక్కాడు. క్రిస్మస్ సెలవులకు విశాఖ వెళ్లాలి. కిందటేడు అక్కడ బావమరిది ప్రభుదాసు అలల మీద నిలబడే బోర్డు అద్దెకు తెస్తే, సామ్యేల్ మొదటి అలకే బోర్లాపడి ఉప్పునీళ్లు తాగాడు. ప్రభుదాసు ఆ ముచ్చట ప్రతి పెళ్లిలోనూ చెప్పి నవ్విస్తున్నాడు. ఈసారి ఎలాగైనా నిలబడి ఆ నోరు మూయించాలి. నేల మీద ఇలా సాధన చేస్తే నీళ్లలో కాళ్లు నిలుస్తాయని టీవీలో చూశాడు.

పక్క క్వార్టరు రాయమల్లు గోడ మీంచి తొంగిచూశాడు. గని కాలనీలో యాభై దాటినవాడు తూలితే ఒకటే అర్థం: డాక్టరు చేత పనికి అన్‌ఫిట్ అని రాయించుకుని నౌకరీ కొడుక్కి ఇప్పించే ఏర్పాటు.

"మస్తు తూలుతున్నవే అన్నా! నీ కొడుకు ఆకాశ్‌కు నౌకరి పక్కానా?"

"నౌకరేంది? సముద్రంల అల మీద నిలబడుడు నేర్చుకుంటున్న."

"గోదావరిఖనిల సముద్రమేడుందే? ఫికర్ చెయ్యకు, నేనెవ్వలికి చెప్ప."

మధ్యాహ్నానికల్లా తోటి కార్మికులొచ్చి డాక్టరు ముందు కళ్లెలా తేలెయ్యాలో చేసి చూపించారు. సాయంత్రం చర్చి డెబోరక్క ఆకాశ్‌కు పిల్లనిస్తామంటూ వచ్చింది. కాలేజీ చదివే ఆకాశ్ సిగ్గుపడ్డాడు గానీ వద్దనలేదు.

సుసన్నా మొగుణ్ణి నిలదీసింది. "ఏందయ్యా, నాకు చెప్పకుంటనే అన్‌ఫిట్ అయితున్నవా?"

సంగతి మేనేజరు దాకా పోయింది. తూలేవాణ్ణి గనిలోకి దింపేది లేదు, డాక్టరు చూసేదాకా సెలవూ లేదన్నాడు. సామ్యేల్ లెక్క వేసుకున్నాడు. నౌకరీ పోతుంది, విశాఖా పోతుంది, ప్రభుదాసుకు చెప్పుకోడానికి కొత్త ముచ్చట దొరుకుతుంది.

రైలెక్కాల్సిన రోజు పొద్దున డాక్టరు అతణ్ణి కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడు. సామ్యేల్ పాతిన గుంజలా నిలబడ్డాడు. డాక్టరు భుజం పట్టి నెట్టాడు. అలవాటైన మోకాలు కాస్త వంగి మళ్లీ లేచిందే తప్ప మనిషి కదల్లేదు.

"నిన్ను అన్‌ఫిట్ అంటే నా నౌకరి పోతది. నడువ్!"

విశాఖలో సామ్యేల్ రెండుసార్లు పడి, మూడో అల మీద ఒడ్డు దాకా నిలబడే వచ్చాడు. ప్రభుదాసుకు నవ్వు రాలేదు. సామ్యేల్‌కు మాత్రం రాత్రి దాకా ఆగలేదు.

తిరిగొచ్చేసరికి రాయమల్లు మొహం వేలాడేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. తనూ అన్‌ఫిట్ రాయించుకోవాలని, తూలడం నేర్వడానికి మంచి ఉపాయమనుకుని, సామ్యేల్ ఊరెళ్లినన్నాళ్లూ అదే చెక్క మీద తిండి మానేసి సాధన చేశాడట. కళ్లు తిరుగుతున్నాయంటూ అదే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎంత తూలబోయినా కాళ్లు మాట వినలేదట.

రాయమల్లుకు నిజంగా కళ్లు తిరిగాయి, డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ చేతిలో పెట్టాకే.